ఒక కార్డు తర్వాత ఇంకో కార్డు: ఎన్ని నెలలు ఆగాలి?

కామారెడ్డి: "భాయ్, ఒక్క ఓటీపీ చెప్పండి చాలు. వస్తే కార్డు వస్తది, రాకపోతే మీది పోయేదేముంది?" క్రెడిట్ కార్డులు ఇప్పించే ఏజెంట్ల నోట తరచూ వినపడే మాట ఇది. సెల్‌ఫోన్ షాపు కౌంటర్ దగ్గరైనా, రంజాన్ షాపింగ్ రద్దీలో బట్టల దుకాణం ముందైనా, ఫోన్ కాల్‌లోనైనా ఆ మాట మారదు. ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకు, అదీ కాదంటే మూడోది. ఒక్క సాయంత్రంలో ఒకే మనిషి పేరు మీద నాలుగు అప్లికేషన్లు వెళ్లిపోవడం పెద్ద కష్టమేం కాదు.

నిజానికి పోయేది ఉంది. కాకపోతే అది ఆ రోజు కనపడదు. కొన్ని నెలల తర్వాత ఇంటి లోన్ కోసమో, ఆటో లోన్ కోసమో, పిల్లల చదువు కోసమో బ్యాంకు మెట్లెక్కినప్పుడు బయటపడుతుంది. "ఇన్ని చోట్ల ఎందుకు అడిగారు?" అని మేనేజర్ అడిగితే కామారెడ్డిలో దుకాణం నడుపుకునే వాళ్ల దగ్గరైనా, ఎల్లారెడ్డి నుంచి పని మానుకుని బస్సెక్కి వచ్చిన వాళ్ల దగ్గరైనా జవాబు ఉండదు.

మరి ఒక అప్లికేషన్‌కి, ఇంకో అప్లికేషన్‌కి మధ్య ఎంతకాలం ఆగాలి? మూడు నెలలని ఒకరు, ఆరు నెలలని ఇంకొకరు, ఏడాదని మరొకరు చెబుతుంటారు. ఎవరి మాట నిజం?

రూల్ ఉందా?

ఇన్ని నెలలు ఆగాలని మన దేశంలో రూల్ ఏదీ లేదు. క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న వివరమైన ఆదేశాలిచ్చింది. వాటిలో ఎక్కువ భాగం అదే ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కార్డు ఎలా ఇవ్వాలి, ఎలా మూసేయాలి, ఏజెంట్లు ఎలా నడుచుకోవాలి అన్నీ అందులో ఉన్నాయి. రెండు అప్లికేషన్ల మధ్య గడువు మాత్రం లేదు. దాన్ని ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు సొంతంగా పెట్టుకుంటుంది. చాలావరకు బయటికి చెప్పదు.

కాబట్టి మూడు నెలలు, ఆరు నెలలు అనేవి చట్టం నుంచి వచ్చిన అంకెలు కావు. బ్యాంకు కంప్యూటర్ మన రికార్డును ఎలా చదువుతుందో చూసి, అనుభవం మీద వేసుకున్న లెక్కలు. ఆ రికార్డు సంగతి అర్థమైతే ఎన్ని నెలలు ఆగాలో ఎవరికి వాళ్లే చెప్పుకోవచ్చు.

అప్లికేషన్ వేసిన రోజు జరిగేది

దేశంలో అప్పుల రికార్డులు ఉంచే కంపెనీలు నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం కింద ఇవి పనిచేస్తున్నాయి. 2000లో మొదలైన సిబిల్ అన్నింటికంటే పాతది. అందుకే జనం నోట్లో స్కోరు అంటే "సిబిల్" అనే స్థిరపడిపోయింది. ఆ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది.

కార్డుకి గానీ లోన్‌కి గానీ అప్లై చేయగానే ఆ బ్యాంకు వీటిలో ఒకటి రెండు కంపెనీల నుంచి మన రిపోర్టు తెప్పించుకుంటుంది. తెప్పించుకున్నట్టు తేదీ, బ్యాంకు పేరు, ఎందుకు అడిగిందో అన్నీ మన రిపోర్టులో నమోదవుతాయి. దీన్నే ఎంక్వైరీ అంటారు. కార్డు వచ్చినా ఆ గీత పడుతుంది, రాకపోయినా పడుతుంది. మన స్కోరు మనమే చూసుకుంటే మాత్రం ఏ నష్టమూ లేదు. ఈ తేడా తెలియక చాలామంది సొంత రిపోర్టు చూసుకోవడానికి భయపడతారు, ఏజెంట్ చేతికి ఫోన్ ఇవ్వడానికి మాత్రం వెనకాడరు.

ఒక్క ఎంక్వైరీతో కొంప మునగదు. స్కోరులో ఎక్కువ బరువు కిస్తీలు, బిల్లులు టైముకి కట్టడానికే ఉంటుంది. ఉన్న లిమిట్‌లో ఎంత వాడుతున్నాం, ఖాతాలు ఎంత పాతవి, ఏ రకం అప్పులు అనేవి కూడా చూస్తారు. కానీ నెలలోనే మూడు నాలుగు ఎంక్వైరీలు కనపడితే చదివేవాళ్లకి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషికి పైసల ఇబ్బంది ఉంది, దొరికిన చోటల్లా అడుగుతున్నాడు. అసలు సంగతి ఏజెంట్ తొందర కావచ్చు. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు.

"ఒకే రోజు నాలుగు బ్యాంకుల్లో వేస్తే ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు" అనే సలహా కూడా తిరుగుతోంది. అది పనికిరాదు. ఎంక్వైరీ అప్పటికప్పుడే నమోదవుతుంది కాబట్టి రెండో బ్యాంకు తెరిచే రిపోర్టులో మొదటిది కనపడొచ్చు. కొత్త కార్డు, కొత్త లోన్ వివరాలు చేరడానికి ఒకప్పుడు నెల, అంతకంటే ఎక్కువ పట్టేది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు ప్రతి 15 రోజులకోసారి వివరాలు పంపాలి, అందిన ఐదు రోజుల్లో రికార్డు కంపెనీలు వాటిని ఎక్కించాలి అని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. దాచుకునే సందు బాగా తగ్గిపోయింది. ఇందులో మనకి మేలు కూడా ఉంది. పాత బాకీ కట్టేస్తే ఆ మంచి మార్పు కూడా త్వరగా కనపడుతుంది.

ఎల్లారెడ్డి షాపు లెక్క

ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. ఎల్లారెడ్డిలో సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడిపే ఒక యువకుడికి జనవరిలో మొదటి కార్డు వచ్చిందనుకోండి. లిమిట్ రూ.40,000. రంజాన్ ఖర్చులు, షాపుకి కొంత సామాను కలిపి రూ.34,000 వాడాడు. అంటే లిమిట్‌లో 85 శాతం. మార్చిలో ఏజెంట్ మాట విని ఇంకో రెండు కార్డులకి వేశాడు. బ్యాంకులకి కనపడింది ఇది: రెండు నెలల ఖాతా, దాదాపు నిండిపోయిన లిమిట్, వెంటవెంటనే మూడు ఎంక్వైరీలు. రెండు చోట్లా కాదన్నారు.

అదే మనిషి ఆగస్టు దాకా ఆగాడనుకుందాం. ఫిబ్రవరి నుంచి జూలై వరకు ఆరు బిల్లులు పూర్తిగా, టైముకి కట్టాడు. వాడకం రూ.8,000కి, అంటే 20 శాతానికి తెచ్చాడు. జనవరి ఎంక్వైరీ పాతబడింది. ఆదాయం అదే, షాపు అదే, మనిషీ అదే. రికార్డు మాత్రం వేరే కథ చెబుతోంది. కార్డు గ్యారంటీగా వస్తుందని ఎవరూ చెప్పలేరు గానీ మార్చి కంటే ఆగస్టులో అవకాశం చాలా మెరుగు.

ఆరు నెలలు అనే లెక్క వెనక ఉన్నది ఇదే. ఆ ఆరు నెలల్లో రికార్డులో మంచి మార్పు వస్తేనే ఆగినందుకు ఫలం. బిల్లులు ఆలస్యం చేస్తూ, లిమిట్ నిండా వాడుతూ ఏడాది ఆగినా రెండో అప్లికేషన్ మొదటి దానికంటే బలహీనంగానే ఉంటుంది.

ఎవరు ఎంత ఆగాలి?

ఈ లెక్కన ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి గడువు మారుతుంది.

కార్డు వచ్చింది, అంతా సాఫీగా ఉంది అంటే కనీసం ఆరు నెలలు ఆగడం మంచిది. తక్కువలో తక్కువ మూడు నెలలు.

అప్లికేషన్ రిజెక్ట్ అయితే మూడు నుంచి ఆరు నెలలు. అయితే ముందు కారణం తెలుసుకోవాలి. కారణం తెలియకుండా ఆగడం, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మంచం మీద పడుకోవడం లాంటిది.

కొద్ది నెలల్లోనే మూడు నాలుగు ఎంక్వైరీలు పడిపోయి ఉంటే ఏడాది పాటు కొత్త అప్పు జోలికి పోకపోవడమే మేలు.

ఇల్లు కట్టుకోవడానికో, కొనడానికో లోన్ తీసుకోవాలనుకుంటే దానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే కార్డు అప్లికేషన్లు ఆపేయాలి. రూ.2,000 క్యాష్‌బ్యాక్ కోసం తీసుకున్న కార్డు వల్ల ఇంటి లోన్ వడ్డీ పావు శాతం పెరిగినా లెక్క తలకిందులే. రూ.20 లక్షల మీద పావు శాతమంటే మొదటి ఏడాదికే దాదాపు రూ.5,000.

ఇవేవీ శాసనాలు కావు. మంచి ఆదాయం, పాత రికార్డు ఉన్నవాళ్లకి తొందరగా కూడా వస్తుంటాయి. చిన్న దుకాణదారులకి, ప్రైవేటు ఉద్యోగులకి ఆ వెసులుబాటు తక్కువ కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. ఐటీ రిటర్న్ వేసే వ్యాపారులు కొత్త రిటర్న్ చేతికొచ్చాక, ఉద్యోగులు జీతం పెరిగి రెండు మూడు స్లిప్పులు వచ్చాక అప్లై చేస్తే బ్యాంకుకి చూపించడానికి కొత్త కాగితం ఉంటుంది.

కాదన్నారా? కారణం రాతపూర్వకంగా అడగండి

రిజెక్ట్ అయినప్పుడు చాలామందికి వచ్చేది "మా పాలసీ ప్రకారం ఇవ్వలేం" అనే ఒక్క మెసేజ్. కానీ 2022 ఆదేశాల ప్రకారం కార్డు అప్లికేషన్ తిరస్కరిస్తే ఫలానా కారణం అని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాలి. ఇది దయ కాదు, అడిగే హక్కు మనకుంది. ఈమెయిల్‌లో అడిగితే తేదీతో సహా రికార్డు ఉంటుంది.

మన కుటుంబాల్లో ఈ కారణం అడగడం ఇంకా ముఖ్యం. ఎందుకంటే చాలాసార్లు సమస్య అప్పులో ఉండదు, పేరులో ఉంటుంది. ఆధార్ మీద మొహమ్మద్, పాన్ మీద ఎండీ, బ్యాంకు పాస్‌బుక్‌లో మహ్మద్. షేక్ అనేది ఒక కాగితంలో పేరు ముందు, ఇంకో కాగితంలో పేరు చివర. పెళ్లికి ముందు సుల్తానా, ఆ తర్వాత బేగం. పుట్టిన తేదీ స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి. మనుషులకి ఇదంతా మామూలే. కంప్యూటర్ మాత్రం వీటిని ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులుగా చూడొచ్చు. ఇంకా పెద్ద చిక్కేంటంటే, ఒకే పేరున్న వేరే వ్యక్తి బాకీ మన రిపోర్టులోకి వచ్చి చేరడం. ఒకే ఊళ్లో ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే అయినవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికే చోట ఇది ఊహకి అందని విషయమేం కాదు.

ఇలాంటప్పుడు ఆరు నెలలు కాదు, ఆరేళ్లు ఆగినా మారేదేమీ ఉండదు. తప్పు తప్పుగానే ఉంటుంది. ముందు దాన్ని సరిచేయించాలి. రికార్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకి రూ.100 చొప్పున నష్టపరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబర్‌లో చెప్పింది. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. మన రిపోర్టును ఏ బ్యాంకైనా తెరిచి చూస్తే మనకి ఎస్‌ఎంఎస్ లేదా ఈమెయిల్ పంపాలన్న ఆదేశం కూడా అప్పుడే వచ్చింది. అందుకే రికార్డులో ఉన్న ఫోన్ నంబర్ ఇప్పుడు వాడుతున్నదేనా కాదా అని చూసుకోవాలి. గల్ఫ్‌కి వెళ్లొచ్చాక సిమ్ మార్చినవాళ్లకి ఈ మెసేజ్‌లు పాత నంబర్‌కే పోతుంటాయి.

అప్పే లేనివాళ్ల సంగతి

మన ఇళ్లలో చాలామంది వడ్డీ అంటే దూరం. అప్పు తీసుకోలేదు, కార్డు వాడలేదు, అవసరమొస్తే చుట్టాల దగ్గర చేబదులు తీసుకుని తిరిగి ఇచ్చేశారు. ఇది మంచి నడవడికే. కానీ బ్యాంకు కంప్యూటర్‌లో వీళ్ల పేరు పక్కన స్కోరు ఉండదు, "హిస్టరీ లేదు" అని వస్తుంది. చెడ్డ రికార్డు, అసలు రికార్డే లేకపోవడం రెండూ ఒకటి కావు. కౌంటర్ దగ్గర మాత్రం రెండింటికీ ఒకటే జవాబు చెప్పి పంపేస్తుంటారు.

మొదటిసారి అప్పు అడిగేవాళ్లని, పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో బ్యాంకులకి సూచించింది. కేంద్ర ఆర్థిక శాఖ కూడా అదే ఏడాది ఆగస్టులో లోక్‌సభలో ఈ సంగతి చెప్పింది. అలా అని లోన్ ఇచ్చి తీరాల్సిందే అని కాదు. ఆదాయం, ఖాతా లావాదేవీలు చూసి నిర్ణయించాలి, స్కోరు లేదని కాగితం పక్కన పడేయకూడదు అని అర్థం.

దీని వెనక పాత కథ ఒకటుంది. 2006 నవంబర్‌లో ప్రధానికి అందిన సచార్ కమిటీ రిపోర్టు ముస్లింలకి బ్యాంకు రుణాలు ఎంత తక్కువగా అందుతున్నాయో లెక్కలతో చూపింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను "నెగెటివ్ జోన్లు"గా గుర్తు పెట్టుకుంటున్నాయని, అలాంటి కొన్ని చోట్ల ముస్లింలే ఎక్కువగా ఉండొచ్చని కూడా రాసింది. ఈరోజు ఒక అప్లికేషన్ రిజెక్ట్ అయితే దానికి ఇదే కారణమని ఆధారం లేకుండా అనలేం. కొన్ని కార్డులు కొన్ని పిన్‌కోడ్‌లకే ఇస్తారు, అది కొరియర్, వసూళ్ల ఏర్పాట్లను బట్టి కూడా ఉంటుంది. కానీ కారణం రాతలో ఉంటేనే ఏది మామూలు తిరస్కరణో, ఏది అన్యాయమో తేల్చుకోవచ్చు. నోటి మాటతో ఊరుకుంటే రెండూ కలిసిపోతాయి.

చరిత్ర లేనివాళ్లకి మొదటి మెట్టు ఒకటే: ఏ బ్యాంకులో ఖాతా ఉండి లావాదేవీలు నడుస్తున్నాయో అక్కడే, ఒక్క అప్లికేషన్ మాత్రమే. ఆ ఫలితం వచ్చేదాకా ఇంకో చోట వేయొద్దు.

దోస్తు కోసం ఇచ్చిన పేరు

"నా పేరు మీద ఇవ్వట్లేదు, నీ పేరు మీద ఫోన్ ఈఎంఐలో తీసుకో, కిస్తీ నేను కడతా." ఈ మాట వినని యువకుడు అరుదు. ఆ ఫోన్ కోసం వేసింది కూడా లోన్ అప్లికేషనే, దానికీ ఎంక్వైరీ పడుతుంది. దోస్తు రెండు కిస్తీలు ఎగ్గొడితే మచ్చ పడేది సంతకం పెట్టినవాళ్ల రికార్డు మీద. బావ లోన్‌కి ఇచ్చిన జమానత్ కూడా అంతే. జమానత్ ఇచ్చినవాళ్ల రిపోర్టులో ఆ అప్పు కనపడుతుంది. ఆయన కట్టకపోతే బ్యాంకు వీళ్లను అడుగుతుంది.

కామారెడ్డి, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే మహిళల్లో గ్రూపు లోన్లు తీసుకున్నవాళ్లు ఉన్నారు. చిన్న మొత్తమే కదా అనుకుంటారు గానీ అవి కూడా రికార్డులోకి ఎక్కేవే. అబ్బాయి చదువుకి లోన్ అడిగినప్పుడు పక్కన సంతకం పెట్టేది అమ్మే అయితే ఆమె రికార్డు కూడా చూస్తారు. అందుకే "చివరిసారి ఎప్పుడు అప్లై చేశాను?" అని లెక్క వేసుకునేటప్పుడు కార్డులు మాత్రమే కాకుండా ఫోన్ ఈఎంఐ, బండి లోన్, యాప్ లోన్, జమానత్ అన్నీ కలపాలి.

బ్యాంకులు ఎందుకు బిగుసుకున్నాయి?

దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 మొదట్లోనే 10 కోట్లు దాటింది. పిలిచి కార్డులిచ్చిన బ్యాంకులు ఆ తర్వాత ఆచితూచి అడుగేయడానికి ఒక కారణం రిజర్వ్ బ్యాంకు 2023 నవంబర్ 16న తీసుకున్న నిర్ణయం. తనఖా లేని అప్పులు వేగంగా పెరుగుతున్నాయని చూసి, బ్యాంకుల కార్డు బాకీల మీద రిస్క్ వెయిట్ 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. సూటిగా చెప్పాలంటే, కార్డు మీద రూ.100 అప్పిస్తే ఇదివరకు దాన్ని రూ.125గా లెక్కేసి అందుకు తగిన సొంత పెట్టుబడి పక్కన పెట్టేవాళ్లు. ఇప్పుడు రూ.150గా లెక్కేయాలి. ఇచ్చే ప్రతి కార్డు బ్యాంకుకి ఇంకాస్త ఖరీదైంది. అలాంటప్పుడు అనుమానం ఉన్న అప్లికేషన్లే ముందు పక్కకి పోతాయి.

అమెరికాలో, గల్ఫ్‌లో

ఈ ప్రశ్న మనకొక్కరికే కాదు. అమెరికాలో ఎంక్వైరీ రెండేళ్లు రిపోర్టులో కనపడుతుంది. అక్కడ ఎక్కువగా వాడే ఫైకో స్కోరు మాత్రం చివరి 12 నెలల ఎంక్వైరీలనే లెక్కలోకి తీసుకుంటుంది. చేజ్ బ్యాంకు అయితే 24 నెలల్లో ఐదు, అంతకంటే ఎక్కువ కొత్త కార్డులు తీసుకున్నవాళ్లకి సాధారణంగా ఇంకో కార్డు ఇవ్వదని అక్కడి కార్డుదారుల అనుభవం. బ్యాంకు ప్రకటించిన రూల్ కాకపోయినా జనం దాన్ని రూల్ లాగే పాటిస్తారు.

మన జిల్లా కుటుంబాలకి దగ్గరగా ఉండేది గల్ఫ్. దుబాయ్, అబుదాబీలో అల్ ఇతిహాద్ క్రెడిట్ బ్యూరో, సౌదీలో సిమా ఇలాంటి రికార్డులే ఉంచుతాయి. యూఏఈలో నెల కిస్తీలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదన్న నియమం కూడా ఉంది. అక్కడ పదేళ్లు బిల్లులు సరిగ్గా కట్టినా ఆ మంచి పేరు దానంతటదే ఇక్కడి రికార్డులోకి రాదు. తిరిగొచ్చి కామారెడ్డిలో షాపు పెట్టుకునేవాళ్లు ఇక్కడ చాలాసార్లు "హిస్టరీ లేని" కొత్తవాళ్లే అవుతారు. ఆ సంగతి తెలిస్తే తొందరపడి నాలుగు చోట్ల వేయరు.

అసలు రెండో కార్డు ఎందుకు?

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలు, వరదలు చూసినవాళ్లకి చేతిలో కాస్త అదనపు లిమిట్ ఉంటే ధైర్యం అనిపించడం సహజం. అవసరం నిజమే. కానీ కార్డు మీద బాకీ పడితే వడ్డీ చాలా కార్డుల్లో నెలకి 3.5 శాతం పైమాటే, అంటే ఏడాదికి 42 శాతం దాటుతుంది. రూ.10,000 బాకీ మీద నెలకి రూ.350 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.63, మొత్తం రూ.413. "మినిమమ్ డ్యూ" కట్టి ఊపిరి పీల్చుకుంటే అసలు దాదాపు అలాగే ఉంటుంది. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. కార్డు వడ్డీకి 30 శాతం పరిమితి పెడుతూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది. అంటే పై పరిమితి కూడా లేదు.

బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తే కొన్న వాటి మీద వడ్డీ పడదు. అలా వాడటం జాయిజా కాదా అన్న దాని మీద ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి, అది వాళ్లని అడిగి తెలుసుకోవాల్సిన విషయం. బాకీ పెట్టి వడ్డీ కట్టడం మీద మాత్రం దీన్ చెప్పేదీ, లెక్కల పుస్తకం చెప్పేదీ ఒకటే. మొదటి కార్డు బిల్లు కట్టడానికే రెండో కార్డు కావాలనిపిస్తుంటే, ఎన్ని నెలలు ఆగాలన్న ప్రశ్నే అక్కర్లేదు. అప్లై చేయకూడదు.

వేసే ముందు చేయాల్సినవి

ముందు సొంత రిపోర్టు చూసుకోవాలి. 2017 నుంచి ప్రతి రికార్డు కంపెనీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. కంపెనీలు నాలుగు కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున ఏడాదంతా పైసా లేకుండా చూసుకోవచ్చు.

పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడింట్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా చూసుకోవాలి. తేడా ఉంటే అప్లికేషన్ కంటే ముందు అది సరిచేయించాలి.

ఎంక్వైరీల తేదీలు రాసుకోవాలి. మనం అడగని ఎంక్వైరీ కనపడితే ఎవరో మన కాగితాలు వాడారన్నమాట, వెంటనే ఫిర్యాదు చేయాలి.

కార్డు వాడకం లిమిట్‌లో 30 శాతం లోపల ఉంచితే మంచిది. రూ.40,000 లిమిట్ ఉంటే రూ.12,000.

అడగని కార్డు ఇంటికొస్తే ఆక్టివేట్ చేయొద్దు, ఓటీపీ చెప్పొద్దు. 30 రోజుల్లో ఆక్టివేట్ కాని కార్డుకి బ్యాంకు మళ్లీ ఓటీపీతో అనుమతి అడగాలి, ఇవ్వకపోతే ఏడు పనిదినాల్లో ఖర్చు లేకుండా మూసేయాలి. బాకీ లేని కార్డు మూసేయమని మనమే అడిగినా ఏడు పనిదినాలే గడువు. దాటితే రోజుకి రూ.500 మనకి ఇవ్వాలి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448 నంబర్. రికార్డు కంపెనీల మీద ఫిర్యాదులు కూడా 2022 సెప్టెంబర్ నుంచి అక్కడే తీసుకుంటున్నారు.

ఇక "మీది పోయేదేముంది?" అని అడిగే ఏజెంట్‌కి జవాబు సులువే. మొన్నటి ఎంక్వైరీకి ఇంకా ఆరు నెలలు కాలేదు, తర్వాత చూద్దాం అని చెప్పి ఫోన్ జేబులో పెట్టుకోవచ్చు. ఆయనకి పోయేది ఒక్క కమీషనే. ఓటీపీ చెప్పినవాళ్లకి మాత్రం రేపటి ఇంటి లోన్ దాకా పోతుంది.